వియ్యపురాలింటి చాయ్

మంఖాల్,
12 జూలై 2012

ప్రియమైన పూర్ణిమకు,

మీ వదిన రాసేది. నువ్వు ఆ కెరమెరి అడవిలో ఆశ్రమ పాఠశాలకు బదిలీ అయి వెళ్లినప్పటినుంచి నీతో ఫోన్లో ఒక్క మాటా సరిగ్గా సాగడం లేదు. నువ్వు హాస్టల్ నీళ్ల ట్యాంకు ఎక్కి మాట్లాడాలి, అందులో సగం గాలికే పోతుంది. "ఉత్తరం రాయి" అని మీ అన్న రోజూ నన్ను సతాయిస్తున్నాడు. తాను మాత్రం రాయడు. పొద్దంతా ఎయిర్‌పోర్టుకూ ఆరాంఘర్‌కూ మధ్య క్యాబ్ తిప్పి వచ్చి, అన్నం తిని నడుం వాలుస్తాడు.

ఒక మంచి కబురు. నాకు ఉద్యోగం వచ్చింది. శంషాబాద్‌లో ట్రస్టు దవాఖాన ఒకటి ఉంది కదా, వాళ్లు చక్కెర వ్యాధి రాకముందే ఆపడానికి ఊళ్లలో క్లాసులు పెడుతున్నారు. నర్సు ట్రైనింగు సగంలో ఆపేసిన నన్ను పిలిచి మన ఊరి క్లాసు నువ్వే చెప్పాలన్నారు. గురువారం గురువారం మహిళా సంఘం గదిలో క్లాసు. ముందు అందరికీ రక్తం చూస్తారు. వ్యాధి వచ్చినవాళ్లను దవాఖానకు పంపుతారు. రాలేదు గానీ వచ్చే దారిలో ఉంది, అంచున నిలబడ్డారు అన్నవాళ్లు నా క్లాసుకు వస్తారు. అన్నం తగ్గించి జొన్నరొట్టె, కూర పెంచడం, రోజూ నడవడం, బరువు కొంచెం దింపడం, ఇవే పాఠాలు. ఇంతమాత్రానికే చాలామందికి వ్యాధి రాకుండా ఆగుతుందట. మందు లేదు, మాత్ర లేదు. అందుకే మొదటి వారం సగంమంది నమ్మలేదు. "సూది లేదు, గోలి లేదు, గిదేం దవాఖానే?" అని పోచమ్మ లేచి వెళ్లిపోయింది. మళ్లీ వారం తనే వచ్చింది.

అసలు సంగతి విను. మీ అమ్మ అంచున ఉంది. మా అమ్మ కూడా అంచునే ఉంది, మీ అమ్మకంటే ఇంకా చివరన. వియ్యపురాళ్లిద్దరూ పక్కపక్కనే చాప మీద కూర్చుని, నేను చెప్పేదానికంటే ఎక్కువ వాళ్లే మాట్లాడుకుంటారు. సత్తెమ్మకు ఈరమ్మ, ఈరమ్మకు సత్తెమ్మ. నా మాట వినే తీరిక ఎక్కడిది?

నవ్వుతూ రాస్తున్నాను గానీ పూర్ణిమా, మా అమ్మ రిపోర్టు చూసినప్పుడు నాకు బాపే గుర్తొచ్చాడు. మా బాపు సంగతి నీకు తెలుసు. పొలం ప్లాట్లయ్యాక వాటి గేటు దగ్గర కుర్చీలో కాపలా ఉద్యోగం చేసి, చక్కెర ముదిరి, కాలు తీయించుకుని, ఆ తర్వాత ఏడాది కూడా ఉండలేదు. అమ్మకు ఆ దారి రాకూడదు. ఈ ఉద్యోగంలో చేరింది జీతానికే, కానీ ఇప్పుడు నాకు కావలసింది అమ్మకు అది రాకుండా ఆపడమొక్కటే.

నువ్వు కూడా రక్తం చూపించుకో. తల్లి అంచున ఉంటే బిడ్డ జాగ్రత్తగా ఉండాలని మా డాక్టరమ్మ చెప్పింది.

నీ వదిన,
కళ్యాణి


కెరమెరి,
20 ఆగస్టు 2012

వదినమ్మకు,

నీ ఉత్తరం చదివి స్టాఫ్‌రూమ్‌లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మా అమ్మ, ఈరమ్మత్త ఒకే చాప మీద కూర్చుంటే క్లాసు చెప్పడం ఎవరి తరం? మా తొమ్మిదో తరగతిలో కూడా అలాంటి జంట ఒకటుంది. వాళ్లను విడదీసి కూర్చోబెడితే కళ్లతో మాట్లాడుకుంటారు. కాబట్టి నువ్వు కూడా ప్రయత్నించకు.

ఇక్కడ వానలు వదలడం లేదు. వాగు పొంగితే ఆసిఫాబాద్ బస్సు రాదు, బస్సు రాకపోతే కూరగాయలు రావు, కూరగాయలు రాకపోతే పప్పు. పిల్లలు మాత్రం హాయిగా ఉన్నారు. గోండు పిల్లలు ఎంత దూరమైనా నడిచి వస్తారు. నడక గురించి వాళ్లకు ఎవరూ క్లాసు పెట్టక్కర్లేదు. నేనూ ఇప్పుడు వాళ్లతో కలిసి పొద్దున్నే స్కూలు చుట్టూ తిరుగుతున్నాను. ఊరికే, పొద్దు గడవడానికి.

అన్నను అడిగానని చెప్పు. రోజంతా సీట్లో కూర్చుని క్యాబ్ తోలేవాడు, ముందు ఆయన్ని కూర్చోబెట్టు నీ చాప మీద. మా అమ్మకు జొన్నరొట్టె కొత్తేమీ కాదు. ఆమె చిన్నప్పుడు తిన్నదే అది. రేషను బియ్యం వచ్చాక మరిచిపోయింది. నువ్వు గుర్తుచేస్తున్నావు, అంతే.

నా రక్తం సంగతి అడిగావు. పంతులమ్మకే పాఠం చెబుతావా వదినా? ఇక్కడ పరీక్షలు పెట్టేది నేను. అది తీరిక దొరికినప్పుడు చూద్దాంలే. నా గురించి పరేషాన్ కావద్దు. మీ బాపు, మా మామ సంగతి రాసి నన్నూ ఏడిపించావు. అత్తమ్మకు ఏమీ కాదు. ఆమె పట్టుదల ఎవరికుంది మన రెండిళ్లలో?

మీ
పూర్ణిమ


మంఖాల్,
9 అక్టోబర్ 2012

ప్రియమైన పూర్ణిమకు,

కొంప మునిగింది. ముంచింది నేనే.

క్లాసులో ఏం తిన్నారో, ఏం తాగారో ఒక్కొక్కరు చెబుతుంటే నాకు తెలిసివచ్చింది. వాళ్ల చక్కెరంతా చాయ్‌లోనే ఉంది. ఇంట్లో తాగేది లెక్కే కాదు. పాలకు పోతే అక్కడ చాయ్, సంఘం డబ్బు కట్టడానికి పోతే అక్కడ చాయ్, ఎవరింటి అరుగు మీద కూర్చుంటే అక్కడ చాయ్. చెంచా నిలబడేటంత చక్కెర. ఇచ్చినవాళ్లు తక్కువ వేస్తే చక్కెర కూడా లేని ఇల్లనుకుంటారని భయం. సరే, నేను తెలివిగలదాన్ని కదా, ఒక నియమం పెట్టాను. "రేపటినుంచి ఎవరింట్లోనూ చాయ్ ముట్టొద్దు." అందరూ తలూపారు. మా అమ్మ కూడా ఊపింది.

మన ఊళ్లో పుట్టి పెరిగిన నాకు ఆ మాట అనేముందు ఒక్క క్షణం తట్టాలి కదా. మనలో ఇచ్చిన చాయ్ ఎవరు తాగరు? పగ ఉన్నవాళ్లు తాగరు. పంచాయితీ పెట్టుకుని విడిపోయిన దాయాదులు, పాలోళ్లు తాగరు. గోపయ్య తన తమ్ముడి ఇంట్లో చాయ్ తాగడం మానేశాకే కదా ఆ అన్నదమ్ములకు చెడిందని ఊరందరికీ తెలిసింది!

మర్నాడే మీ అమ్మ మా అమ్మ ఇంటికి వెళ్లింది. బతుకమ్మకు చీరలు కొనే మాటలేవో. అప్పటికే ఎదురింటి రేణుకమ్మ అక్కడ కూర్చుని ఉంది. మా అమ్మ అలవాటు కొద్దీ చాయ్ పెట్టి, మీ అమ్మకు గ్లాసు అందించింది. మీ అమ్మ బుద్ధిమంతురాలు, క్లాసు మాట తప్పదు. "నాకొద్దు వదినా" అని గ్లాసును చేత్తో పక్కకు జరిపింది.

రేణుకమ్మ మీ అమ్మను చూసింది, మా అమ్మను చూసింది.

"ఏందొదినా, మా ఇంట్ల చాయ్ చేదైందా నీకు?" అంది మా అమ్మ.

"గట్ల గాదొదినా. నీ బిడ్డనే వద్దన్నది."

ఇది ఇంకా చెడింది పూర్ణిమా. మీ అమ్మ ఉన్నమాటే చెప్పింది. కానీ రేణుకమ్మ ముందు మా అమ్మకు ఎలా వినబడిందో ఆలోచించు. తన కడుపున పుట్టిన బిడ్డ అత్తగారింటికి వెళ్లి, తల్లి ఇంట్లో చాయ్ తాగొద్దని అత్తకు నేర్పిందట! పొద్దుగూకేలోగా ఊరంతా పాకింది. నేను పరుగున వెళ్లాను. గడప దగ్గరే నిలబెట్టింది.

"నువ్వు గూడ తాగవు గదా? ఇగ లోపటికొచ్చి ఏం జేస్తవు? పో."

అమ్మ ఆ పై గురువారం నుంచి క్లాసుకు రావడం లేదు. తమ్ముడు రవీందర్ చెబుతున్నాడు, పంతానికి మునుపటికంటే ఎక్కువ చక్కెర వేసుకుని తాగుతోందట. ఎదురింటివాళ్లకు కనబడేలా అరుగు మీద కూర్చుని మరీ. నేను అరటిపండు వలిచినట్టు అందరికీ పాఠం చెప్పి, ఎవరికోసం చెప్పానో వాళ్లనే పోగొట్టుకున్నాను. నువ్వు చదువుకున్నదానివి, ఒక దారి చెప్పు.

నీ రక్తం చూపించుకున్నావా లేదా? జవాబు ఎగ్గొట్టావు.

కళ్యాణి


కెరమెరి,
4 నవంబర్ 2012

వదినా,

మొదట నవ్వాను, క్షమించు. అత్తమ్మ అరుగు మీద కూర్చుని పంతానికి చాయ్ తాగడం కళ్లకు కట్టింది. రెండోసారి చదివితే నవ్వు రాలేదు. అమ్మ కూడా ఉత్తరం రాయించింది అన్నతో, అన్న రాసిందంతా ఒక్క ముక్కే: "అమ్మ అన్నం సరిగ్గా తినడం లేదు." వియ్యపురాలితో మాట లేకపోతే మా అమ్మకు పొద్దు పోదు వదినా. పెళ్లయి నువ్వు మా ఇంటికి వచ్చావని అందరూ అంటారు గానీ, నిజానికి మా అమ్మకు ఈరమ్మత్త వియ్యపురాలిగా దొరికింది. నువ్వు కొసరు.

ఉపాయం అడిగావు. నాకు తోచింది చెబుతాను, తప్పయితే తిట్టు. నువ్వు తాగొద్దన్నావు. అక్కడే చిక్కంతా. మన వాళ్లకు చాయ్ అంటే చాయ్ కాదు కదా, రా కూర్చో అనడం. రావొద్దు కూర్చోవద్దు అని నువ్వు పాఠం చెబితే ఎవరు ఒప్పుకుంటారు? అందుకని మాట తిప్పు. ప్రతి ఇంట్లోనూ తాగాల్సిందే అను. కానీ చక్కెర లేకుండా. ఒక్కరే అలా అడిగితే ఇంటావిడకు చిన్నతనం. అందరూ కలిసి అడిగితే అదే మర్యాద అవుతుంది. క్లాసును ఆ సంఘం గదిలోంచి బయటకు తీసుకురా. వారానికొకరి ఇంట్లో పెట్టు. ఆ ఇంటామె చేత్తో అల్లం కొట్టి, చక్కెర వేయకుండా అందరికీ చాయ్ పెట్టాలి. అందరూ తాగాలి. ఏ ఇల్లూ చిన్నబోదు.

నేనెందుకు ఇంత ధీమాగా చెబుతున్నానంటావా? ఇక్కడ కొంతకాలంగా అలాగే తాగుతున్నాను. మొదటి వారం నోట్లో పెట్టుకోలేకపోయాను. ఇప్పుడు చక్కెర వేసినది తాగితే నాలుక జిగటగా ఉంటోంది. మా స్కూలు వంటామె అమృతమ్మ మొదట నన్ను జాలిగా చూసేది. ఇప్పుడు తనూ నాతో పాటే తాగుతోంది.

అమ్మను జాగ్రత్తగా చూసుకో. బతుకమ్మ నాడు వాళ్లిద్దరూ చెరో చివర ఆడారని అన్న ఫోన్లో చెప్పాడు. ఆ మాట మాత్రం నాకు నచ్చలేదు.

మీ
పూర్ణిమ


మంఖాల్,
28 జనవరి 2013

పూర్ణిమా,

నీ ఉపాయం పారింది. మొదట అది చెప్పాలి, ఎందుకంటే తర్వాత రాసేది చదివి నువ్వు బాధపడతావు.

మొదటి వారం పోచమ్మ ఇంట్లో పెట్టాం. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. "గిన్ని నీళ్లు గిన్ని పాలు, చక్కెర లేదు, చుట్టాలకు గిట్ల పోస్తరానే?" అంటూ గ్లాసులు పంచింది. మేం అందరం ఒక్కసారి తాగి, ఒక్కసారే మొహాలు ముడుచుకున్నాం. ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. రెండో ఇంట్లో అల్లం ఎక్కువ పడింది, మూడో ఇంట్లో యాలకులు. ఇప్పుడు ఎవరింటి చాయ్ బాగుందో అన్నదాని మీద పోటీ మొదలైంది. తుక్కుగూడ నుంచి కూడా ఇద్దరు వచ్చి చూసి వెళ్లారు, వాళ్ల ఊళ్లో పెట్టుకుంటారట. రింగు రోడ్డు పక్క సర్వీసు రోడ్డు మీద సాయంత్రం మా నడక చూడాలి నువ్వు. నెత్తిమీదుగా విమానం పోతే పోచమ్మ ఇప్పటికీ చెయ్యూపుతుంది. మీ అన్న కూడా చక్కెర తగ్గించాడు. అలిగాడు, తర్వాత ఊరుకున్నాడు.

డాక్టరమ్మ మొన్న వచ్చి అందరికీ మళ్లీ రక్తం చూసింది. గుంటూరు వైపు ఆమె కదా, ఎంతో మర్యాదగా మాట్లాడుతుంది. "చాలా బాగుందండీ, మీ అందరికీ అంకెలు దిగాయండీ" అంది. మీ అమ్మది బాగా దిగింది. చాలామంది అంచునుంచి వెనక్కి వచ్చారు.

మా అమ్మ రాలేదు.

వాళ్ల వీధి వంతు వచ్చినప్పుడు నేనే వెళ్లి అడిగాను. ఈ గురువారం మీ ఇంట్లో పెట్టుకుంటాం అమ్మా అన్నాను. "మా ఇంట్ల చక్కెర ఉన్నది. లేని చాయ్ నేను చెయ్య" అంది. అందరూ చేస్తున్నారమ్మా అన్నాను. "అందరు చేస్తె చెయ్యనీ. నా మొగనికి చేసిన చెయ్యి ఇది. ఇప్పుడు మార్చ" అంది. రక్తమైనా ఇవ్వమ్మా అన్నాను. తలుపు వేసింది.

పూర్ణిమా, ఊరంతటికీ పనిచేసిన మాట మా అమ్మకు పనిచేయలేదు. ఇప్పుడు ఇది కేవలం చిన్నతనం కాదేమోనని అనుమానంగా ఉంది. ఇంకేదో ఉంది, నాకు అందడం లేదు. మధ్యాహ్నాలు పడుకునే ఉంటోందట, దాహమంటోందట. ఆ మాట వింటే నాకు భయం. నేను ఊళ్లో ఆడవాళ్లందరితో నవ్వుతూ నడుస్తుంటే మా అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఈ ఉద్యోగం వద్దనిపిస్తోంది.

నీ మీద కూడా కోపంగా ఉంది. రెండుసార్లు అడిగాను నీ రక్తం సంగతి. రెండుసార్లూ మాట మార్చావు. ఆడబిడ్డవి కాబట్టి అనకూడదు గానీ, నువ్వూ మా అమ్మా ఒకటే. అడిగినదానికి జవాబు చెప్పరు.

కళ్యాణి


కెరమెరి,
10 మార్చి 2013

వదినా,

నువ్వు కోపంగా రాసినందుకు నాకు కోపం రాలేదు. నువ్వు అన్నది నిజం కాబట్టి సిగ్గుపడ్డాను.

నీ మొదటి ఉత్తరం అందిన వారానికే ఆసిఫాబాద్ దవాఖానకు వెళ్లి రక్తం ఇచ్చాను. నేనూ అంచునే ఉన్నాను. ఆగస్టులో నిన్ను ఆటపట్టిస్తూ ఉత్తరం రాసిన రోజుకే ఆ సంగతి నాకు తెలుసు.

ఎందుకు దాచావంటే సరైన జవాబు లేదు. మామకు కాలు తీసినప్పుడు నేను వార్డులో ఉన్నాను గుర్తుందా? మీరంతా బయట ఏడుస్తున్నారు. మత్తు దిగాక మామ దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి తడుముకోవడం నేను చూశాను. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనబడుతుంది. డాక్టరు నాతో "అంచున ఉన్నారు, భయం లేదు" అన్నప్పుడు నాకు ఆ చెయ్యే కనబడింది. రాస్తే నిజమైపోతుందనిపించింది. పిల్లలకు ధైర్యం చెప్పే పంతులమ్మను, నా పిరికితనం చూడు.

కానీ ఊరికే కూర్చోలేదు వదినా. నువ్వు ఊరివాళ్లకు చెప్పేవన్నీ నేను దొంగతనంగా చేస్తూ వచ్చాను. నీ ఉత్తరాలే నా క్లాసు. పొద్దు గడవడానికి నడుస్తున్నానని రాశాను చూడు, అది అబద్ధం. చక్కెర మానింది కూడా అందుకే. ఇప్పుడు బాగానే ఉన్నాను. మొన్న మళ్లీ చూపించుకుంటే కొంచెం దిగిందన్నారు. ఎండకు నల్లబడ్డాను, నడుం సన్నబడింది, అంతే.

ఈరమ్మత్త గురించి నువ్వు రాసింది చదివాక నాకు ఒకటే అనిపించింది. భయపడ్డ మనిషి కోపంగా కనిపిస్తుంది. నేను వెటకారంగా కనిపించాను, ఆమె కోపంగా కనిపిస్తోంది. ఆమె దేనికి భయపడుతోందో నాకూ తెలియదు. మే నెలలో సెలవులిస్తారు. వచ్చి ఆమె దగ్గర కూర్చుంటాను. నేను చిన్నప్పటినుంచి ఆమె ఇంట్లో తిని పెరిగినదాన్ని, నన్ను గడప దగ్గర నిలబెట్టదు.

నా సంగతి అమ్మకు నేనే చెబుతాను. నువ్వు చెప్పకు. ఉద్యోగం మాత్రం మానకు. నువ్వు మానేస్తే నేనూ మానేస్తాను, నా ఉసురు నీకు తగులుతుంది.

మీ
పూర్ణిమ


మంఖాల్,
14 జూన్ 2013

ప్రియమైన పూర్ణిమకు,

మా అమ్మ నిన్న క్లాసుకు వచ్చింది. రక్తం ఇచ్చింది. ఇంకా అంచునే ఉంది, దాటలేదు. దాటకుండా ఇంతకాలం ఎలా ఆగిందో ఆ దేవుడికే తెలియాలి. "ఇప్పుడు మొదలుపెట్టినా చాలండీ" అంది డాక్టరమ్మ. నేను ఆమె ముందే ఏడ్చేశాను, ఏమనుకుంటే అనుకోనీ.

ఇప్పుడు మొదటినుంచి చెబుతాను. నువ్వు మే నెలలో వచ్చి ఆమె వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, నేను అంచున ఉన్నాను అత్తమ్మా, నాకు చక్కెర లేకుండా చాయ్ పొయ్యి అన్నావు కదా. ఆమె చేసి ఇచ్చి, నువ్వు తాగడం అయ్యాక పెరట్లోకి వెళ్లిపోయిందని, ఏమీ లాభం లేకపోయిందని నువ్వు బాధపడుతూ బస్సెక్కావు. లాభం ఉంది. మా అమ్మకు అర్థం కావడానికి కొన్ని రోజులు పట్టింది.

పోయిన ఆదివారం పగటిపూట, నేను మీ అమ్మ తలకు నూనె రాస్తున్నాను. మా అమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. చాయ్ గొడవ అయినప్పటినుంచి ఈ ఇంటి ముఖం చూడని మనిషి. మీ అమ్మ లేచి చాప పరిచింది. కూర్చుంది.

"పూర్ణిమకు గూడ ఉన్నదంట గదా" అంది మా అమ్మ.

"ఉన్నదొదినా. పిల్ల గట్టిదే, నడుస్తున్నది" అంది మీ అమ్మ.

అప్పుడు మా అమ్మ నావైపు చూడకుండా, మీ అమ్మతోనే మాట్లాడింది. నేను ఆ మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

"ఆయనకు చక్కెరని డాక్టరు చెప్పిండు. తీపి బందువెట్టమన్నడు. ఈయన ఇంటికొచ్చి, ఈరమ్మా, సప్పటి చాయ్ నాతోని గాదే, జర ఎయ్యి అనెటోడు. పొలం పోయినంక ఆయనకు ఇంకేమున్నది సంబురం? ఏసిచ్చిన. కాలు తీసినంక గూడ ఏసిచ్చిన. ఇప్పుడు నా బిడ్డ క్లాసుల నిలబడి చాయ్‌ల చక్కెర గిట్ల జేస్తది గట్ల జేస్తది అని చెప్తుంటె, నాకు నా చెయ్యే కనబడ్డది. నువ్వు గిలాస జరిపిన నాడు నీ మీద కాదొదినా నా కోపం. మీరు చెప్పేది నిజమైతే, ఆయన్ని నేనే పోగొట్టుకున్నట్టు గాదా? అందుకే అబద్ధమనుకోవాలనిపిచ్చింది. పిల్ల వచ్చి నా కండ్ల ముందట సప్పటి చాయ్ మొత్తం తాగి గిలాస కడిగిపెట్టింది. ఇగ అబద్ధమనుకోరాలే."

నా చేతిలో నూనె గిన్నె అలాగే ఉండిపోయింది పూర్ణిమా. బాపు నా ముందే ఆ చాయ్ తాగేవాడు. నాకూ అప్పుడు ఏమీ తెలియదు.

మీ అమ్మే మాట్లాడింది. జరిగి మా అమ్మ పక్కకు వచ్చి కూర్చుంది.

"ఒక్క చాయేనా ఒదినా? పొలం పోయె, నడక పోయె. జొన్నరొట్టె పోయి మూడు పూటల బియ్యమన్నమాయె. గేటు కాడ కుర్చీల కూసునుడాయె. గప్పుడు మనల గిట్ల కూసోబెట్టి చెప్పినోళ్లు ఎవరన్న ఉండిరా? ఉంటె నువ్వు ఇనకపోతుంటివా? దవాఖానల పండుకున్నప్పుడు గూడ నీ చేతి చాయ్ తప్ప ఇంకోలది ముట్టలే అన్న. నువ్వు రాకపోతె తలకాయ అటు తిప్పుకుని పండుకుంటుండె. నేను జూడలేదా? నువ్వు ప్రేమతోని పోసినవు, ఆయన ప్రేమతోని తాగిండు. అన్న పాయె. నువ్వన్న ఉండొదినా. నువ్వు గూడ పోతె నాకెవరున్నరు మాట్లాడనీకి?"

మా అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. బాపు పోయినప్పుడు కూడా అమ్మ అంతగా ఏడవలేదు. మీ అమ్మ ఊరుకోమనలేదు. పక్కనే కూర్చుని వీపు నిమురుతూ ఉంది. నేను వెళ్లి రెండో పక్కన కూర్చున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, నన్ను మాత్రం చూడలేదు.

కొంతసేపటికి కళ్లు తుడుచుకుని, ముక్కు చీదుకుని, కొంగు సర్దుకుంది. ఎప్పటి గొంతు మళ్లీ వచ్చింది.

"వచ్చి ఇంతసేపాయె. ఒక్క చుక్క చాయ్ గూడ పొయ్యవా ఒదినా? చక్కెర ఎయ్యకు."

నేను లేవబోయాను. మీ అమ్మ నన్ను భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి, తనే పొయ్యి వెలిగించడానికి వెళ్లింది.

నీ వదిన,
కళ్యాణి